బాపు గోలీల డబ్బా

మా ప్రార్థన మందిరంలో కానుకల పెట్టె పక్కన ఇంకో డబ్బా ఉండేది. పాత బిస్కెట్ల డబ్బా. మూత మీది బొమ్మ చెరిగిపోయి రేకు తేలింది. అందులో గోలీలు వేసేవాళ్లు. మా దగ్గర మందు మాత్రలను గోలీలనే అంటారు.

ఆ డబ్బా పెట్టింది మా బాపు. శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారిలో, ఊరికి కొంచెం ఎడంగా ఉన్న ఆ రేకుల మందిరానికి ఆయన సంఘ పెద్ద. వారమంతా కోళ్ల ఫారంలో పని, ఆదివారం మందిరంలో పని. మొదటి విశ్వాసులు తమకున్నదంతా ఉమ్మడిగా పెట్టుకొని, ఎవరికి ఏది అవసరమో అది పంచుకున్నారని లేఖనంలో ఉంది. ఆ భాగం మీద ప్రసంగం విన్న వారమే బాపు డబ్బా తెచ్చి పెట్టాడు.

పద్ధతి ఇలా ఉండేది. సంఘంలో ఎవరికైనా జ్వరమో విరేచనాలో వస్తే శంషాబాద్‌లో డాక్టరుకు చూపించుకొని గోలీలు తెచ్చుకునేవాళ్లు. సాయంత్రం నలుగురం వాళ్లింటికి పోయి ప్రార్థన చేసేవాళ్లం. రెండో రోజో మూడో రోజో జ్వరం దిగేది. దిగిందంటే ప్రభువు ముట్టాడని అర్థం. ఆ తర్వాత కూడా గోలీలు మింగుతూ ఉంటే ఆయన చేసిన పనిని నమ్మనట్టే. అందుకని అక్కడితో ఆపేసి, ఆదివారం సంఘం ముందు లేచి ప్రభువు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి, మిగిలిన గోలీలు తెచ్చి డబ్బాలో వేసేవాళ్లు. డాక్టరు దగ్గరికి పోలేని వాళ్లకు ఎప్పుడైనా అవసరం పడితే బాపు అందులోంచి తీసి ఇచ్చేవాడు.

నేనూ ఆ పనిలో ఉన్నదాన్నే. ఆరాధన అయ్యాక డబ్బా ఒళ్లో పెట్టుకొని, అట్టల మీది ఇంగ్లీషు పేర్లు చదివి, జ్వరానివి ఒక పొట్లం, కడుపువి ఒక పొట్లం కట్టి, పైన దేనికో రాసేదాన్ని. ఎర్ర పసుపు గొట్టం గోలీలు, తెల్ల బిళ్లలు, రెండు మిగిలినవి, నాలుగు మిగిలినవి. ప్రయోగశాలలో పని చేసే బిడ్డ అని సంఘంలో నాకు మర్యాద. అది నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇవి తొంభైల నడిమి సంగతులు. పట్నం పోయే దారిలో పశువులకూ కోళ్లకూ వచ్చే రోగాలను పరీక్షించే ఒక ప్రయోగశాల ఉండేది. నేను అక్కడ గాజు గొట్టాలు కడిగి ఆవిరి పట్టేదాన్ని, ప్లేట్లు పోసేదాన్ని. ప్లేటంటే మూత ఉన్న చిన్న గాజు గిన్నె. అందులో సూక్ష్మజీవులకు తిండి కలిపిన జిగురు పోసి ఆరబెడితే, వాటి మీద అవి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. మా మేడం కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. నాలాంటి దానితో కూడా మీరు అనే మాట్లాడేది. ఏ పని చేయిస్తున్నా అది ఎందుకో చెప్పేది.

ఒకరోజు ఆమె నా ముందు రెండు గొట్టాలు పెట్టింది.

"ఇది కోడి పేగుల్లో ఉండేదమ్మా. ఫారంలో కోళ్ల కింద పరిచే వరిపొట్టులోంచి తీశాం. దీనివల్ల కోడికీ నష్టం లేదు, మనకీ లేదు. కాకపోతే మూడు మందులు పోసినా చావదు. ఇదిగో, ఈ రెండోది సాల్మొనెల్లా. తిండితో పాటు లోపలికి పోయి మనిషిని పడగొడుతుంది. కానీ ఆ మూడు మందుల్లో ఏది పోసినా చస్తుంది. ఈ రెండింటినీ ఒకే గొట్టంలో కాపురం పెట్టిద్దాం. రేపు వచ్చి చూడండి."

సాయంత్రం ఆ గొట్టంలోది మందు కలిపిన ఒక ప్లేటు మీద రాయించింది, అలాంటి ఇంకో ప్లేటు మీద సాల్మొనెల్లాను ఒంటరిగా రాయించింది. మర్నాడు చూస్తే ఒంటరిదాని ప్లేటు ఖాళీ. కాపురం పెట్టిన గొట్టంలోంచి రాసిన ప్లేటు మాత్రం నిండుగా ఉంది. ఆ రకం ప్లేటు మీద కోడి పేగుల సూక్ష్మజీవి గులాబి రంగు చుక్కలుగా వస్తుంది, సాల్మొనెల్లా రంగు లేకుండా వస్తుంది. గులాబి చుక్కల మధ్య రంగు లేని చుక్కలు లేచి ఉన్నాయి. నిన్నటి దాకా ఆ మందుకు చచ్చేవే ఇవాళ ఆ మందు మీదే కూర్చొని పెరుగుతున్నాయి.

"ఒక్కరోజులో ఎట్ల నేర్చుకున్నయి మేడం?"

"నేర్చుకోలేదమ్మా, పుచ్చుకున్నాయి. తల్లి నుంచి పిల్లకి రావడం ఒక దారి. ఇది వేరే దారి. పక్కపక్కన చేరి తాకుతాయి. మొదటిదాంట్లో చిన్న ఉంగరంలాంటి దారం ఉంటుంది. దానికి నకలు తీసి రెండోదానికి అందిస్తుంది. ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది."

"వేరే జాతిదానికి గూడ ఇస్తదా?"

"మనకున్నంత పట్టింపు వాటికి లేదు లెండి," అని ఆమె నవ్వింది. "పైగా ఒకే ఉంగరం మీద మూడు నాలుగు మందులను తట్టుకునే గుణాలు గుచ్చి ఉంటాయి. ఒక్క మందు వాడితే చాలు, నాలుగూ కలిసే నిలబడతాయి. ఒక ఉంగరంలోంచి ఇంకో ఉంగరంలోకి దూకే ముక్కలు కూడా ఉన్నాయి. మందుని తట్టుకోవడమే అనుకోకండి. విషం తయారుచేసే గుణం కూడా కొన్నిట్లో ఇలాగే చేతులు మారుతుంది. సూక్ష్మజీవులకే పట్టే వైరసులు కొన్ని దాన్ని మోసుకొస్తాయి. నిన్న ఏ హానీ చేయనిది రేపు ప్రాణం తీసేది కావచ్చు."

ఫారాల్లో దాణాలో కలిపే పొడి సంగతి కూడా ఆమే చెప్పింది. కోడి తొందరగా బరువెక్కాలని కలిపే ఆ పచ్చటి పొడి, మనుషులకు ఇచ్చే ఒక మందుకు తోబుట్టువే. రోజూ కొంచెం కొంచెం మందు తగిలే చోట ఉంగరం లేనివి చస్తాయి, ఉన్నవి మిగిలి పెరుగుతాయి. మనుషులు సగం వాడి ఆపేసే మందులూ అదే పని చేస్తాయంది. ఆ మాట మామూలుగా అనేసి ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను ప్లేటు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. బాపు చేతులూ, మా డబ్బా కళ్ల ముందు కనిపించాయి. ఆ పొడిని మా బాపు ఏళ్ల తరబడి ఒట్టి చేతులతో కలుపుతున్నాడు.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ చాలా ఆలోచించాను. పాపం మొదటి మనిషి నుంచి పుట్టుకతో వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. చెడు సాంగత్యంతో అంటుకుంటుందని కూడా విన్నాను. పులిసిన పిండి చిటికెడు చాలు, ముద్దంతా పులుస్తుందని మా పాస్టరు అయ్యగారు ఏడాదికి రెండుసార్లయినా ప్రసంగించేవారు. సృష్టిలో అంత చిన్నవాటికి కూడా ఆ రెండు దారులూ ఉన్నాయని చూసినప్పుడు భయంతో పాటు భక్తి కూడా కలిగింది. నన్ను బాధపెట్టింది వేరే. ఉమ్మడిగా పెట్టుకోవడం, అవసరమైనవాడికి అందించడం, నీదీ నాదీ అనకపోవడం మేం మొదటి విశ్వాసుల నుంచి నేర్చుకున్న పనులు. ఆ ప్లేటు మీద నేను చూసింది కూడా అదే. మేం ప్రేమతో పంచుకున్న సగం సగం గోలీలు అక్కడెక్కడో ఇంకో పంపకానికి సాయం చేస్తున్నాయేమో.

బాపుకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆదివారం ఆయన డబ్బా మూత తీసి, "బిడ్డా, ఇవి జర చూడు" అన్నాడు. నేను చూసి పొట్లాలు కట్టాను. తర్వాతి వారం కూడా కట్టాను.

ఆ ఏడు కోత పండుగకు ఫారం యజమాని పది కోళ్లు కానుకగా పంపాడు. కోత పండుగ అంటే మా దగ్గర పంటలో మొదటి భాగం దేవునికి తెచ్చి, తర్వాత అందరూ కూర్చొని తినే రోజు. వంట మా అమ్మ చేతి మీదుగా. ఒక కత్తిపీట మీదే కోళ్లు కోసింది. నీళ్లతో కడిగి, ఆ కత్తిపీట మీదే ఉల్లిగడ్డలూ నిమ్మకాయలూ కోసింది. కూర బాగా ఉడికింది. ఉల్లిగడ్డ ముక్కలు పచ్చివే కదా. ఇప్పుడు చెబుతున్నంత తేటగా అప్పుడు ఎవరికీ తట్టలేదు. నేను పక్కనే ఉండి విస్తళ్లు తుడుస్తున్నాను.

మర్నాడు సగం సంఘం మంచం పట్టింది. చాలామందికి రెండు రోజుల్లో తగ్గింది. బాపు మాత్రం విరేచనాలు మొదలైన పూటే డబ్బాలోంచి రెండు రకాల గోలీలు తీసి వేసుకున్నాడు, ఇంకా నలుగురికి ఇచ్చి వచ్చాడు. మూడో రోజుకు ఆయన ఒళ్లు కాలిపోతోంది. నాలుగో రోజు మనిషి మాట తడబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. ఆటోలో వేసుకొని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడి డాక్టరు రక్తం తీయించి పరీక్షకు పంపాడు. పండుగ వంట సంగతి అమ్మను అడిగి, కోళ్లు కోసిన కత్తిపీట మీదే కోసిన పచ్చి ఉల్లిగడ్డ ముక్కలతో వచ్చి ఉంటుందన్నాడు. కడుపులోని రోగం రక్తంలోకి ఎక్కినట్టుందన్నాడు. రెండు రోజులు ఇచ్చిన మందు పని చేయలేదు. ఆ రెండు రోజులు నేను వరండాలో మోకాళ్ల మీద ఉన్నాను. నాకు తెలుసు, నేను చెప్పలేదు, ప్రార్థనలో ఈ రెండు మాటలే తిరిగాయి.

పరీక్ష చీటీ వచ్చింది. సాల్మొనెల్లా. మూడు మందుల పేర్లకు ఎదురుగా పని చేయవని రాసి ఉంది. రెండు మా డబ్బాలో ఎప్పుడూ ఉండేవి. మూడోది దాణా పొడికి తోబుట్టువు. పనిచేసేది కొత్తగా వచ్చిన మందొకటే. అది సూదిగా మొదలుపెట్టారు. సూది మొదలైన ఐదో రోజుకు బాపు కళ్లు తెరిచి, మొదటి మాటగా అమ్మతో, "కోళ్లకు నీళ్లు పెట్టిండ్రానే?" అన్నాడు.

"నీ కోళ్లే నిన్ను ఈడ పండబెట్టినయి. ఇగ వాటి ముచ్చట ఎత్తకు," అంది అమ్మ. అని, గోడ వైపు తిరిగి ఏడ్చింది.

నేను ఆ చీటీ తీసుకుపోయి మేడంకు చూపించాను. ఆమె మందుల పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది.

"మా బాపు కలిపిన పొడి నుంచి వచ్చిందా మేడం, మా డబ్బా నుంచి వచ్చిందా?"

"ఎవరూ చెప్పలేరమ్మా. ఇలాంటివి ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. కోడితో పాటే వచ్చి ఉండొచ్చు. కానీ ఒకటి చెప్తాను. ముందుగా ఆ గోలీలు మింగడం వల్ల కడుపులో వాటికి అడ్డంగా నిలబడే మంచివి చచ్చి ఉంటాయి. దీనికి చోటు దొరికింది." చీటీ మడిచి నా చేతిలో పెట్టింది. "కొత్త మందు ఇంటికి ఇచ్చినప్పుడు చివరి గోలీ దాకా వేయించండి. రక్తంలోకి ఎక్కింది కాబట్టి మధ్యలో ఆపితే మళ్లీ లేవొచ్చు. అప్పుడు ఏ మందు మిగులుతుందో నాకు తెలియదు."

గురువారం బాపును ఇంటికి తెచ్చాం. ఇంకా వారానికి పైగా గోలీలు ఉన్నాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండు రోజులు వేసుకున్నాడు. శనివారం పగలు గంజి తాగి, ఇంటి ముందు తిరిగి, అంగీ వేసుకొని వచ్చి కూర్చున్నాడు.

"ఇగ గోలీలు చాలు బిడ్డా. మంచిగైన గదా. రేపు సాక్ష్యం చెప్పాలె."

"డాక్టరు అన్ని వేసుకోమన్నడు బాపు."

"డాక్టరు ఆయన పని ఆయన చేసిండు. పానం పోసినాయన వేరే ఉన్నడు. జేబుల గోలీలు పెట్టుకొని, దేవుడు మంచిగ చేసిండని సంఘంల ఎట్ల నిలబడాలె? అబద్ధం గాదా?"

"అబద్ధమేంది? దేవుడే గోలీలు జేయించిండనుకో," అంది అమ్మ లోపలి నుంచి.

"నీకేం దెలుసే వాక్యం."

"వాక్యం నీకే ఎరుక. ఉల్లిగడ్డ నాకెరుక. ఆ ఉల్లిగడ్డ కోసిన చేతులివి, ఒక్క గోలీ తప్పినా నేనూకోను."

అప్పుడు నేను చెప్పాను. కింద కూర్చొని, రెండు గొట్టాల సంగతి, గులాబి చుక్కలు, రంగు లేని చుక్కలు, ఉంగరం, దాణా పొడి, సగం వాడి డబ్బాలో వేసే గోలీలు, అంతా వరసగా చెప్పాను. బాపు మధ్యలో అడ్డం రాలేదు. ఫారంలో మందకు రోగం తగిలితే ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు ఎలా పాకుతుందో చూసినవాడు. నేను చెప్పింది ఆయనకు కొత్త భాషేమీ కాదు.

అయిపోయాక తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఇదంత నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"పండుగకు ముందే బాపు."

"ముందే ఎరుక. డబ్బా పొట్లాలు గూడ కట్టినవ్."

"కట్టిన."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు చిన్నబోతవని."

తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. "నేను చిన్నబోతె ఏమైతుండె," అని లేచి మందిరం వైపు పోయాడు. రాత్రి గోలీ వేసుకున్నాడు, అమ్మ నిలబడి మింగించింది. ఆదివారం పొద్దున మాత్రం గోలీల అట్ట ఎప్పుడూ ఉండే కిటికీలో లేదు. గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. బాపు మాకంటే ముందే మందిరానికి వెళ్లిపోయాడు.

నేను నీళ్ల గ్లాసు వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరం మందిరం వైపు తొందరగా నడిచాం.

పాటలు అయ్యాయి. సాక్ష్యాల సమయం వచ్చింది. బాపు లేచాడు. అంగీ భుజాల మీద వదులుగా వేలాడుతోంది. గోలీల డబ్బా ఆయన చేతిలో ఉంది. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నేను సచ్చిపోదును. ప్రభువు నిలబెట్టిండు. ఈ మాట మీద ఎవ్వరికి అనుమానం వద్దు." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "కుష్ఠు వచ్చిన సేనాధిపతిని ప్రవక్త ఏటిల ఏడుసార్లు మునగమన్నడు. మనమంత చదివినం. నేను నిన్న సాయంత్రం ఈడనే కూసోని మళ్ల చదివిన. ఆయన నాలుగుసార్లు మునిగి, ఇగ మంచిగనే ఉన్నట్టుందని ఒడ్డుకొచ్చినట్టు అండ్ల రాయలే. ఏడు అంటే ఏడే మునిగిండు. నేనేం జేసిన? మిమ్ములందర్ని నాలుగోసారికే ఒడ్డుకు గుంజిన. మిగిలిన మూడు మునకలు ఈ డబ్బాల ఏయించిన."

ఆయన డబ్బా మూత తీసి బోర్లించాడు. పొట్లాలు బల్ల మీద పడ్డాయి. అన్నీ నా చేతి రాతే.

"ఇవి సగం సగం గోలీలు. సగం గోలీలు రోగాన్ని సంపలేవు, దానికి బుద్ధులు నేర్పుతయి. నా బిడ్డ చెప్పింది. నాకు ఆలస్యంగ చెప్పింది, నేను గూడ మీకు ఆలస్యంగనే చెప్తున్న. ఇయ్యాల్టి సంది ఈ డబ్బాల గోలీలు ఏయద్దు. ఉప్పు, చక్కెర పొట్లాలు తెచ్చి ఏయుండ్రి. విరేచనాలైనోళ్లకు నీళ్లల్ల కలిపిద్దం."

ముందు వరసలోని ఒక ముసలాయన నెమ్మదిగా అడిగాడు. "అంటే, దేవుడు మంచిగ చేసినంక గూడ మింగాల్నా పెద్దాయనా?"

బాపు జేబులోంచి గోలీల అట్ట తీశాడు. పొద్దున వేసుకోకుండా దాచింది ఇందుకే. ఒకటి గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. నీళ్ల కోసం చుట్టూ చూశాడు. అయ్యగారు తన బల్ల మీది చెంబు అందించారు. బాపు అందరి ముందూ గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

అలాంటి సాక్ష్యం మా మందిరంలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ గొంతు గట్టిగా వచ్చింది.

"ఆమెన్. రాత్రిది గూడ యాది పెట్టుకో."

కొందరు నవ్వారు. నేను తల వంచుకొని ఉన్నాను. నా పక్కన కూర్చున్న ఆమె కూడా పండుగ తర్వాత జ్వరం పడి లేచినామె. ఆ రోజు సాక్ష్యం చెబుదామని వచ్చింది. ఒళ్లో చెయ్యి తెరిచింది. అరచేతిలో చెమటకు తడిసిన కాగితంలో, డబ్బాలో వేద్దామని తెచ్చిన నాలుగు ఎర్ర పసుపు గొట్టం గోలీలు ఉన్నాయి. వాటిని కాసేపు చూసి, కొంగు చివర వేసి ముడి వేసుకుంది.